ఎనిమిది నోళ్ళలో ఒకే వాక్యం

గురువారం పొద్దున్న ఆ ఇంట్లో గొడవ పెరుగు తోడు దగ్గర మొదలైంది.

ఫ్రిజ్ పై అరలో, వెన్న పక్కన, ఒక చిన్న స్టీలు గిన్నె ఎప్పుడూ ఉంటుంది. ఎవరు పెరుగు ఖాళీ చేసినా రెండు చెంచాలు ఆ చిన్న గిన్నెలోకి తీసి పెట్టి, ఆ తర్వాతే పెద్ద గిన్నె కడగడానికి వెయ్యాలి. మృదుల పెట్టిన నియమం అది. అమెరికాలో ఈ క్యారీ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్‌లో పై వాటా ఆవిడ ఇచ్చిన తోడు, ఏళ్ళ తరబడి చలికాలాలు దాటుకుంటూ, సెలవులకు ఊరెళితే తెలిసినవాళ్ళ ఫ్రిజ్‌లలో తలదాచుకుంటూ వచ్చింది. ఆ రోజు పెద్ద గిన్నె, చిన్న గిన్నె రెండూ డిష్‌వాషర్‌లో బోర్లించి ఉన్నాయి, తళతళలాడుతూ.

"తోడుకి ఉంచావా, లీలా?" అని అడిగింది మృదుల.

"ఉంచాను వదినా," అంది లీల, కార్న్‌ఫ్లేక్స్ గిన్నెలోంచి తలెత్తకుండానే.

మృదుల డిష్‌వాషర్ తలుపు పూర్తిగా కిందికి దించింది. లీల చూసింది.

"ఉంచాననుకున్నాను."

"ఉంచడం వేరు, ఉంచాననుకోవడం వేరు."

మృదుల భర్త ఉదయ్ కాఫీ కప్పుతో వచ్చి, స్టోర్‌లో నాలుగు డాలర్లు పెడితే డబ్బాడు పెరుగు వస్తుందన్నాడు. స్టోర్ పెరుగు పెరుగు కాదని మృదుల అంది. అది పెరుగు కాకపోతే మరేమిటో ఆ డబ్బా మీద రాసిన కంపెనీ వాళ్ళనే అడగాలని ఉదయ్ అన్నాడు. పద్నాలుగేళ్ళ వేద, వాళ్ళమ్మాయి, బ్యాక్‌ప్యాక్ భుజాన వేసుకుంటూ, "యు గైస్ ఆర్ ఫైటింగ్ అబౌట్ బ్యాక్టీరియా," అనేసి బస్సుకి వెళ్ళిపోయింది. ఎవరూ నవ్వలేదు. లీల లేచి, తన గిన్నె తనే కడిగి, తుడిచి, అరలో పెట్టింది. అంత శుభ్రంగా కడగడంలోనే ఆమె కోపం తెలుస్తోంది.

లీల ఉదయ్‌కి చెల్లెలు. పెళ్ళయి అమెరికా వచ్చాక ఎనిమిదేళ్ళు డిపెండెంట్ వీసా మీద, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేక, నాలుగు గోడల మధ్య గడిపింది. గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసిన మనిషి. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన నెలలోనే మృదుల పనిచేసే కాలేజీలో మెడికల్ ల్యాబ్ కోర్సులో చేరింది. భర్త నీరజ్ ఉద్యోగం టెక్సస్‌లో. చదువు అయ్యేదాకా లీల అన్నయ్య ఇంట్లో ఉండేట్టు, జూన్‌లో నీరజ్ ఇక్కడికే ట్రాన్స్‌ఫర్ చేయించుకునేట్టు ఏర్పాటు. జూన్ ఎందుకంటే, మే నెలలో డిగ్రీ, ఆ వెంటనే సర్టిఫికెట్ పరీక్ష, ఆ వెంటనే పక్క ఊరు రాలీలో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆఫర్ లెటర్ కూడా వచ్చేసింది. ఆ లెటర్ వచ్చిన రోజు లీల వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. మృదుల పక్కన కూర్చుంది.

ఈ గురువారం వదినా ఆడపడుచులిద్దరూ కాలేజీకి ఒకే కార్‌లో బయల్దేరారు. మార్చి చివరి వారం; పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్ల మీద, డ్రైవ్‌వేల మీద, మెయిల్‌బాక్సుల మీద పసుపు చల్లినట్టు పరుచుకుంది. వైపర్లు వేస్తే అద్దం మీద బురద చారలు పడ్డాయి. 

కాలేజీలో మృదుల ఉద్యోగం పేరు అసెస్‌మెంట్ కోఆర్డినేటర్. బయటివాళ్ళకి చెప్పాలంటే, కాలేజీలోని కోర్సులకు అక్రెడిటేషన్ అనే గుర్తింపు పోకుండా చూసే పని. కొన్నేళ్ళకోసారి బయటి సంస్థ నుంచి ఒక బృందం వచ్చి, పిల్లలకు నేర్పుతామని చెప్పింది నిజంగా నేర్పుతున్నారా, నేర్చుకున్నారో లేదో ఎలా కొలుస్తున్నారు, కొలిచాక తెలిసిన లోపాన్ని ఏం చేశారు అని అడుగుతుంది. ఆ బృందం రావడానికి ముందు మృదుల ఆ డిపార్ట్‌మెంట్‌తో కూర్చుని వాళ్ళ నివేదిక దిద్దుతుంది, ఖాళీలు చూపిస్తుంది. చివరగా తనే తనిఖీకి వచ్చిన మనిషిలా నటించి, తలుపు మూసి, లెక్చరర్లు లేకుండా విద్యార్థులను ప్రశ్నలడుగుతుంది. ఉత్తుత్తి తనిఖీ. మెడికల్ ల్యాబ్ వాళ్ళకు ఉత్తుత్తి తనిఖీ ఆ గురువారమే. అసలు బృందం మూడు వారాల్లో వస్తుంది.

ఆ కోర్సు నడిపేది కృష్ణమోహన్ గారు. తెనాలి మనిషి. అరవై దాటాయి. పాతికేళ్ళ నుంచి అదే కాలేజీ. చలికాలంలో మొదటి మీటింగ్ రోజున ఆయన మృదులకు తన చిన్నప్పటి ఇన్‌స్పెక్షన్ కథ చెప్పారు. డీఈవో వచ్చే ముందు రోజు మాస్టారు క్లాసుకంతా ఒక ఏర్పాటు చేశారట: డీఈవో గారు ఏ ప్రశ్న అడిగినా అందరూ చెయ్యెత్తాలి, జవాబు వచ్చినవాడు కుడి చెయ్యి, రానివాడు ఎడమ చెయ్యి. మాస్టారు కుడి చేతుల్లోంచి ఒకణ్ణి లేపుతారు. డీఈవో గారు ఇంత మంచి క్లాసు జిల్లాలో చూడలేదని రాసి వెళ్ళారట. మృదుల కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. తను చదివిన స్కూల్లో కూడా అంతే. ఇన్‌స్పెక్షన్ రోజు చెప్పబోయే పాఠం వారం ముందే రెండుసార్లు చెప్పేసేవారు. ఇద్దరూ నవ్వుకుని పనిలో పడ్డారు.

పోయినసారి వచ్చిన బృందం ఆ కోర్సులో ఒక లోపం చూపించింది. రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి తెల్ల కణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో చెప్పడం ఉంటుంది. స్మియర్ చదవడం అంటారు. మీ విద్యార్థులకు అది సరిగ్గా రావడంలేదు, దిద్దుకోండి అని రాసి వెళ్ళారు. దిద్దుకున్నామని కృష్ణమోహన్ గారు చెప్పారు. ఎలా దిద్దుకున్నారో మృదుల అడిగి, ఆయన నోటితో చెప్పింది విని, నివేదికలో చక్కటి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది: ప్రతి విద్యార్థీ తన చేత్తో స్మియర్ తయారుచేసి, మైక్రోస్కోప్ కింద చదివి, అధ్యాపకుల ముందు విడిగా పరీక్ష ఇస్తాడు; ఆ ఫలితాలే మా బోధనను దిద్దుతాయి. చివరి ముక్క ఆమెకు చాలా నచ్చింది. ఆ సెమికోలన్ కోసం కాసేపు ఆలోచించింది కూడా.

పదహారు మంది ఉన్న బ్యాచ్‌ని మృదుల రెండు సగాలు చేసింది. లీల ఉన్న సగాన్ని కెమిస్ట్రీ ప్రొఫెసర్‌కి అప్పగించి, మిగిలిన ఎనిమిది మందినీ తను తీసుకుంది. లీల తన ఆడపడుచని డీన్‌కి మొదటి రోజే చెప్పింది. పక్షపాతమన్న మాట రాకూడదు.

గదిలో ఎనిమిది మందీ వరసగా కూర్చున్నారు. మొదటి అమ్మాయి స్మియర్ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చింది. బాగా చెప్పింది. రెండో అబ్బాయీ బాగానే చెప్పాడు. మూడో ఆవిడ చెబుతున్నప్పుడు మృదుల రాసుకోవడం ఆపింది. ఆ మాటలు ఆమెకు తెలుసు. "విడిగా పరీక్ష ఇస్తాం" అన్న తర్వాత చిన్న ఆపు, ఆ తర్వాత "ఆ ఫలితాలే మా బోధనను దిద్దుతాయి." విద్యార్థి ఎవరైనా "మా బోధన" అంటాడా? నాలుగో అబ్బాయి కూడా అక్కడే ఆగాడు. అది తను పెట్టిన సెమికోలన్. ఎనిమిది మందీ దాని దగ్గర ఊపిరి తీసుకున్నారు.

మృదులకు ఒక అలవాటు ఉంది. ఏ కోర్సు పిల్లలనైనా చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది: పోయినసారి ఇది చేసినప్పుడు ఎలా పాడైంది? నర్సింగ్ పిల్లలైతే దొరకని నరం గురించి చెబుతారు, వంట కోర్సు వాళ్ళు కుంగిపోయిన కేక్ గురించి. ఆ జవాబు చెప్పేటప్పుడు మొహాల్లో సిగ్గు, నవ్వు కలిసి వస్తాయి. చేతులు గాల్లో ఆడతాయి. అదే ప్రశ్న ఇక్కడా అడిగింది. మీరు చేసిన స్మియర్ పోయినసారి ఎలా పాడైంది?

ఎనిమిది మందీ ఒకరినొకరు చూసుకున్నారు. చివరకు మొదటి అమ్మాయే మర్యాదగా, తమవి పాడవవని చెప్పింది.

మృదుల థాంక్స్ చెప్పి, వాళ్ళను పంపించి, కాగితాలు సర్దుకుని లేచింది.

కృష్ణమోహన్ గారు ల్యాబ్‌లో ఉన్నారు. మైక్రోస్కోపులన్నీ ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వరసగా ఉన్నాయి. మృదుల ఒకదాని తొడుగు మీద వేలితో రాసి చూసింది. ఇక్కడ పుప్పొడి కాదు, మామూలు దుమ్ము. ఎలా చేశారని ఆయన ఉత్సాహంగా అడిగారు. అందరూ ఒకేలా చేశారని చెప్పింది.

ఆయనకు అర్థమైంది. స్టూలు లాక్కుని కూర్చున్నారు. రక్తం పాఠాలు, అంటే హెమటాలజీ, చెప్పే ఆవిడ రెండేళ్ళ కిందట వెళ్ళిపోయిందని, ఆ పోస్టు నింపమని ఎన్నిసార్లు అడిగినా కాలేజీ ఇవ్వలేదని, పదహారు మందినీ ఒక్కొక్కరినీ మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టాలంటే తనకు రెండో ఒళ్ళు కావాలని చెప్పారు. స్క్రీన్ మీద బొమ్మలు చూపించి నేర్పించారు. పరీక్ష నలుగురేసి గుంపుగా పెట్టారు. గుంపుకొచ్చిన మార్కు ప్రతివాడికీ వేశారు.

"నాతో విడిగా అన్నారు కదండీ," అంది మృదుల.

"నాలుగు గుంపులూ విడివిడిగానే చేశాయమ్మా."

ఆ మాట అన్నాక ఆయనే తల దించుకున్నారు. సర్టిఫికెట్ పరీక్షలో కూడా బొమ్మలే వస్తాయని, తన పిల్లలు దాంట్లో ఎప్పుడూ తప్పలేదని, అసలు పని హాస్పిటల్‌లో చేరాక నేర్పుతారని అన్నారు. అదంతా నిజమే. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలు ఒడ్డెక్కాలనుకున్నారు. నివేదికలో ఆ పేరా బాగుందని, నోటికి వచ్చేట్టు చదువుకోమని వాళ్ళకు ఇచ్చింది ఆయనే. ఇన్‌స్పెక్షన్‌కి ముందు అందరూ చేసేదే.

మృదుల లేవబోతుంటే ఆయన నెమ్మదిగా అన్నారు: "మృదులా, సోమవారం నివేదిక మీద డీన్ సంతకం పెట్టి పంపించేస్తుంది. ఇప్పుడు కదిలిస్తే విజిట్ వాయిదా పడుతుంది. గుర్తింపు తేలకుండా ఈ బ్యాచ్ మేలో బయటపడదు. మీ లీల కూడా ఇందులోనే ఉందమ్మా. ఒక్కసారి ఆలోచించు."

అది బెదిరింపు కాదు. కాకపోవడం వల్లే ఇంకా బరువుగా ఉంది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో హైవే మీద కార్లు ఆగి ఆగి కదులుతున్నాయి. లీల కిటికీలోంచి బయటికి చూస్తోంది. మృదుల రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది, స్మియర్ ఎప్పుడైనా చేత్తో చేశావా అని.

 ఫస్టియర్‌లో సార్ చేసి చూపించారని, తర్వాత అంతా స్క్రీనే అని చెప్పింది లీల.

"బొమ్మ చూసి చెప్పగలను వదినా. ప్రాక్టీస్ టెస్టుల్లో నైంటీ పైనే వస్తోంది."

"స్లైడ్ చూసి?"

ముందు కారు బ్రేకు లైట్లు వెలిగాయి, ఆరాయి.  కొంతదూరం పోయాక, ఆమె మోకాలి మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని మృదుల సందేహిస్తుండగా, లీలే మొదలుపెట్టింది.

"నువ్వు డీన్‌కి చెప్తావా?"

"ఇంకా తెలీదు."

"చెప్తావు. నాకు తెలుసు. పొద్దున్న ఒక గిన్నె డిష్‌వాషర్‌లో వేసినందుకే అలా చూశావు. పెరుగు దగ్గర మొదలెట్టి నా ఉద్యోగం దాకా వచ్చావు." గొంతు పెరగలేదు, పెరిగి ఉంటే బాగుండేది. "ఎనిమిదేళ్ళు వదినా. పార్టీలకెళితే వాట్ డూ యూ డూ అని అడుగుతారని బాత్‌రూమ్‌లో దూరేదాన్ని. మీ అందరికీ ఉద్యోగాలున్నాయి. ఖచ్చితంగా ఉండటం ఉద్యోగమున్న వాళ్ళకి తేలిక."

మృదుల హైవే దిగడానికి ఎగ్జిట్ తీసుకుంది. ఇంటికొచ్చేదాకా ఇద్దరూ ముందు కారు నంబర్ ప్లేటు చదువుతూ కూర్చున్నారు.

ఉదయ్‌కి శుక్రవారం చెప్పింది. అతను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉంటాడు; ప్రభుత్వ తనిఖీల గురించి ఆమెకన్నా అతనికే ఎక్కువ తెలుసు. రాయనిది జరగనట్టే అని ఆఫీసులో కుర్రాళ్ళకు రోజూ చెబుతాడు. మరి జరగనిది రాస్తే ఏమిటని మృదుల అడిగింది. అతను చెల్లెలి గది వైపు చూసి, గొంతు తగ్గించి, తను చెప్పేది మందుల సంగతి అన్నాడు. ఇది రక్తం సంగతి అంది మృదుల.  అతను మాట మార్చి, నీరజ్ ట్రాన్స్‌ఫర్ ఖాయమైపోయిందని, అక్కడి లీజు మే చివరికి అయిపోతుందని, ఇంకో మూడు వారాలు ఎవరూ ఏమీ అడక్కపోతే అన్నీ సర్దుకుంటాయని చెప్పాడు. లీల తెలివైంది, పనిలో చేరితే వారంలో నేర్చుకుంటుందని కూడా అన్నాడు. ఆ వారంలో ఎవరి స్లైడ్లు చదువుతుందని మృదుల అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. అతని మొహం చూస్తే ఆ ప్రశ్న అతనికీ వచ్చిందని తెలుస్తోంది.

శనివారం పొద్దున్నుంచి మృదుల డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ ఒక్క వాక్యంతో కుస్తీ పట్టింది. అబద్ధం లేకుండా, నిజమూ బయటపడకుండా రాయడం ఆమెకు చేతనవును. ఆ విద్యకే ఆమెకు జీతమిస్తారు. "విద్యార్థులకు స్మియర్ అధ్యయనంలో వివిధ పద్ధతుల ద్వారా అనుభవం కల్పిస్తున్నాం." అబద్ధం లేదు. "డిజిటల్ చిత్రాలతో సహా" అని చేర్చింది. ఇంకా నిజమైంది. "విడిగా" అన్న మాట తీసేసి "నిర్మాణాత్మకంగా" అని పెట్టింది. ఏ తనిఖీ బృందమూ వేలెత్తి చూపలేని వాక్యం తయారైంది. మళ్ళీ చదివింది. ఇందులో ఎవరు ఏం చేశారో ఎక్కడా లేదు. అద్దం మీద వైపర్ పూసిన పుప్పొడిలా ఉంది. మూసేసింది. మళ్ళీ తెరిచింది. మొదటి వాక్యంకన్నా ఇదే ఘోరమనిపించింది, ఎందుకంటే మొదటిది తెలియక రాసింది.

మధ్యాహ్నం బట్టలు వెయ్యడానికి లాండ్రీ గదిలోకి వెళితే, డ్రయ్యర్ మీద పేపర్ టవల్ పరిచి, దాని మీద నాలుగు గాజు ముక్కలు ఆరబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద గోధుమరంగు మరక, ఒక చోట మందంగా, ఒక చోట చారలుగా. వేద సైన్స్ ప్రాజెక్ట్ కోసం ఆవకాయ నూనె పూసిందనుకుంది. ఆవకాయ సీసా తీస్తే చెప్పి తియ్యాలని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ పిల్లను రేపు అడగాలని మనసులో పెట్టుకుని, టవల్‌ని జాగ్రత్తగా పక్కకి జరిపి, మెషీన్ ఆన్ చేసి వచ్చేసింది. లీల రోజంతా తన గది దాటి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లో తప్పనిసరి. వారమంతా ఎవరి వేళకు వాళ్ళు తిన్నా, ఆ పూట మాత్రం నలుగురూ కలిసి కూర్చోవాలి. ఫోన్లు పక్క గదిలో. మృదుల దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు చేసింది. రసం ఉదయ్ పెట్టాడు. రెండు వాక్యాలూ ఆమె బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి. ఏది పంపాలో ఇంకా తేలలేదు. వేరే విషయాలు మాట్లాడాలని అందరూ ప్రయత్నించారు. పుప్పొడి గురించి రెండుసార్లు మాట్లాడుకున్నారు. నీరజ్ పొద్దున్న ఫోన్ చేశాడని, సామాను తెచ్చే ట్రక్ బుక్ చెయ్యాలా వద్దా అని అడుగుతున్నాడని ఉదయ్ చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందని మొహం పెట్టాడు.

పెరుగు దగ్గరికొచ్చేసరికి వేద మూతి ముడిచింది.

"అమ్మా, ఇది తియ్యగా ఉంది. లైక్, డిజర్ట్‌లాగా."

"స్టోర్‌ది. తిను," అంది మృదుల. ఆ సంగతి గుర్తొచ్చి, అదే గొంతుతో, "లాండ్రీ గదిలో ఆ గాజు ముక్కలేంటి? ఆవకాయ ఎందుకు పూశావు వాటికి?" అని అడిగింది.

"నావి కావు," అంది వేద. "అత్త నా మైక్రోస్కోప్ అడిగింది. బర్త్‌డేకి ఇచ్చారే, అది."

ఉదయ్ నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. లీల వినపడనట్టు, ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, ఎడమ చేత్తో పెరుగు గిన్నె అందుకోబోయింది. ఆ చేతి మూడు వేళ్ళ కొసలకు బ్యాండ్-ఎయిడ్లు చుట్టి ఉన్నాయి. వేద పెట్టెలోవి, కార్టూన్ చేపల బొమ్మలున్నవి.

 లీల చెయ్యి వెనక్కి తీసుకోలేదు; గిన్నె తన వైపు లాక్కుని, అన్నంలో పెరుగు వేసుకుని, కలుపుతూ, కంచంలోకి చూస్తూనే చెప్పింది.

"రంగు లేదు కదా ఇంట్లో. రంగు లేకపోయినా, పరవడమైనా వస్తుందేమోనని." కాస్త ఆగింది. "ఒకటి మందం అయిపోయింది. ఒకటి మధ్యలో ఆగిపోయింది, చెయ్యి ఒణికి. ఇంకో రెండింటికి రక్తం చుక్క పెద్దదైంది. అన్నీ పాడయ్యాయి వదినా."

చెబుతుంటే ఆమె మొహంలో సిగ్గు, చిన్న నవ్వు కలిసి వచ్చాయి. కంచం మీద కుడిచేతి వేళ్ళు కదిలాయి, గాజు మీద గాజు నలభై అయిదు డిగ్రీల వాలులో పెట్టి తోసినట్టు. గురువారం ఎనిమిది మందిలో ఒక్కరు కూడా అలా చెప్పలేదు.

మృదులకు రెండు వాక్యాల్లో ఏది పంపాలా అన్న ప్రశ్న ఇంక లేదు.

"రేపు పొద్దున్నే డీన్ దగ్గరికి వెళ్తున్నాను," అంది.  "ఆ వాక్యం తీసేస్తాను. విడిగా చేయించలేదని, గుంపు మార్కు అందరికీ వేశారని, నేను చూడకుండా రాశానని చెప్తాను. ఎందుకు చేయించలేకపోయారో, ఆ పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో కూడా రాయిస్తాను. ఎండాకాలం సెలవుల్లో ల్యాబ్ తెరిచి, పదహారు మందీ ఒక్కొక్కరు చేసేదాకా డిగ్రీ ఇవ్వద్దని అడుగుతాను. వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ నివేదిక మీద నా పేరు ఉండదు. కృష్ణమోహన్ గారికి ఇవాళ సాయంత్రమే ఫోన్ చేస్తాను. ఆయనకి డీన్ నోటి ద్వారా తెలియకూడదు."  ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. "జూన్ పోతుంది, లీలా. హాస్పిటల్ వాళ్ళు ఆగుతారో ఆగరో నాకు తెలీదు. నా వల్లే పోతుంది. అది నీకు వేరే ఎవరో చెప్పడం కన్నా నేను చెప్పడమే మంచిదని చెప్తున్నాను."

వేద ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తోంది. బయట ఎవరో బ్లోయర్‌తో డ్రైవ్‌వే మీద పుప్పొడి ఊదుతున్నారు. ఆ రొద వంటింటి కిటికీ దాకా వచ్చి వెనక్కి పోయింది.

లీల కలిపిన అన్నం ముద్ద చేసింది, తినలేదు. బొటనవేలితో ముద్దను కంచం అంచుకి జరిపింది. మళ్ళీ మధ్యలోకి తెచ్చింది.

"ఎండాకాలం ఆఖరు అంటే," అంది, తలెత్తకుండా, "ఆగస్టు మొదలా, ఆగస్టు చివరా? ట్రక్ గురించి మా ఆయనకి చెప్పాలి."

మృదుల నోరు తెరిచి, ఒక తేదీ కోసం వెతికి, మూసింది.

"తెలీదు," అంది.